క్లాసులోకి కెమెరా రానివ్వలేదు, గుడి పక్క ఊరి కథ చెప్పాను | న్యూజెర్సీ శనివారం వ్లాగ్

నమస్తే అండీ, అందరూ బాగున్నారా? అమ్మ ఫోన్ చేసిన ప్రతిసారీ ఒకటే మాట: "వంటలు చాల్లే, పిల్ల కూచిపూడి క్లాసు చూపించు." సరే అని బయల్దేరితే ఇక్కడ గుమ్మంలోనే ఆపేశారు. మిగతా పిల్లల అమ్మానాన్నలందరూ ఒప్పుకుంటే తప్ప వీడియో తీయకూడదట. తెనాలిలో అయితే కిటికీ దగ్గర వీధి వీధంతా నిలబడి చూసేది! గంటకి 25 డాలర్లు, అంటే రెండు వేల రూపాయల పైమాటే, అది కట్టి నేను కార్లో కూర్చోవాలి. మా అన్నయ్య కూతురికి ఆ డబ్బుతో అక్కడ రెండు నెలలు గడిచిపోతుంది.

క్లాసయ్యాక బ్రిడ్జ్‌వాటర్ బాలాజీ గుడికి వెళ్తున్నాం. దాని పక్కనే సోమర్‌విల్ అనే ఊరుంది. రూత్ సెయింట్ డెనిస్ అనే డాన్సర్ పెరిగింది ఆ ఊరి దగ్గరి పొలాల్లోనే. పుట్టింది 1879లో, నూవర్క్‌లో. మనవాళ్ళు ఇండియా ఫ్లైట్ ఎక్కే ఎయిర్‌పోర్ట్ ఉందే, ఆ నూవర్క్. అసలు పేరు రూత్ డెనిస్. తల్లి డాక్టరు చదివినావిడ. కూతురికి వ్యాయామం, అభినయం మొదట నేర్పింది ఆవిడే. తర్వాత న్యూయార్క్‌లో మరియా బోన్‌ఫాంటి అనే ఇటాలియన్ టీచర్ దగ్గర కొద్దిగా బ్యాలే.

మొదటి ఉద్యోగం 1894లో, న్యూయార్క్‌లోని ఒక డైమ్ మ్యూజియంలో. డైమ్ అంటే పది సెంట్లు, మన తొమ్మిది రూపాయలు అనుకోండి. ఆ టికెట్‌కి వింతలూ చూడొచ్చు, ఆటపాటలూ చూడొచ్చు. పదిహేనేళ్ళ పిల్ల ఒక్కోరోజు పదకొండు సార్లు దాకా అదే డాన్స్ చేసేదట. మా అమ్మాయి రెండోసారి జతి వేయమంటేనే మొహం ముడుచుకుంటుంది.

అసలు విడ్డూరం 1904లో జరిగింది. నాటకం ట్రూపుతో బఫెలో అనే ఊరికి వెళ్ళినప్పుడు ఒక సిగరెట్ పోస్టర్ కంటపడింది, దాని మీద ఈజిప్టు దేవత ఐసిస్ బొమ్మ. ఇలాంటి డాన్సే చేయాలని పట్టుబట్టింది. ఈలోపు న్యూయార్క్ సముద్రతీరంలో వినోదాల చోటైన కోనీ ఐలాండ్‌లో ఇండియా నుంచి వచ్చి ఆటపాటలు చేసేవాళ్ళని చూసింది, మనసు మనవైపు తిరిగింది. 1906లో 'రాధ' అని తనే ఒక డాన్స్ కట్టింది. పేరు రాధ, గుడి జైనులది, సంగీతం ఒక ఫ్రెంచ్ ఒపేరాది, అంటే పాటల నాటకానిది! విగ్రహానికి ప్రాణం వచ్చి, పంచేంద్రియాల సుఖాలన్నీ ఆడి, చివరికి పద్మాసనంలో సమాధిలోకి వెళ్ళిపోతుంది. అప్పటికి ఆవిడ ఇండియా మొహమే చూడలేదు. పూజారుల వేషాలకి న్యూయార్క్‌లో దొరికిన మనవాళ్ళనే నిలబెట్టింది. ఆనాటి ఎన్నారైలు, పాపం, ఏమనుకున్నారో!

ఈ రాధ వాడవిల్‌లోనూ ఆడింది. వాడవిల్ అంటే ఒకే టికెట్‌పై పాటలు, జోకులు, గారడీ, జంతువుల ఆట, అన్నీ వరసగా. మన తిరనాళ్ళ స్టేజీలాంటిదే అనుకోండి. అలాంటిచోట చెప్పుల్లేకుండా ఒకావిడ దేవతలా కూర్చుంటే జనం చూశారంటే, నాకైతే నవ్వు కంటే గౌరవమే ఎక్కువ కలిగింది. 1914లో టెడ్ షాన్ అనే డాన్సర్‌ని పెళ్ళాడింది, మరుసటి ఏడు లాస్ ఏంజెలెస్‌లో ఇద్దరూ 'డెనిషాన్' స్కూలు పెట్టారు. తర్వాత అమెరికా మోడర్న్ డాన్స్‌లో పెద్ద పేరు తెచ్చుకున్న మార్తా గ్రాహమ్ అక్కడి విద్యార్థే. 1925-26లో ఆసియా అంతా తిరుగుతూ మన దేశానికీ వచ్చారు. మన డాన్స్ మనకే చూపిస్తే కోప్పడాలిగా? కలకత్తాలో మళ్ళీ మళ్ళీ ఆడించుకున్నారు!

అదిగో గోపురం. ఆగండాగండి, పార్కింగ్ దొరికేలా ఉంది... పోయింది. శనివారం కదా. క్యాంటీన్‌లో దోశ అయిపోయేలోపు దొరికితే చాలు.

ఒక జెర్సీ అమ్మాయి పోస్టర్ చూసి గుడిని ఊహించుకుంది. మా జెర్సీ అమ్మాయికి గుడి ఎదురుగానే ఉంది, చూసే అమ్మమ్మే లేదు. గజ్జెపూజ జూన్‌లో. అమ్మకి వీసా ఇంటర్వ్యూ డేట్ దొరికితే ముందు వరసలో కూర్చుంటుంది. లేకపోతే లైవ్ పెడతాను, అక్కడ అప్పటికి అర్ధరాత్రి దాటుతుంది. పిన్నీ, నువ్వు మధ్యాహ్నమే కాసేపు పడుకో.