బిళ్ళ కట్టిందనుకుంటే

అందరికీ నమస్కారం. కందుకూరు చుట్టుపక్కల పల్లెల నుంచి ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎమ్‌లు చాలామందే వచ్చారు. స్లైడ్లు తేలేదు, ఒక పేషెంటు సంగతి చెబుతాను.

పొగాకు గ్రేడింగ్‌కు వెళ్ళే పెద్దమ్మ, 60 దాటాయి. రెండు రోజులుగా కడుపునొప్పి, వాంతులు. ఊళ్ళో గ్యాస్ ఇంజెక్షన్ వేయించుకుని వచ్చింది. పావడా బొందు వదులు చేయించి చూస్తే కుడి గజ్జలో రేగుపండంత గడ్డ. చెయ్యి వేయనివ్వలేదు. “అది బిళ్ళలేమ్మా, కాల్లో ముల్లు దిగింది, అందుకే కట్టింది” అంది. కాలి పుండుకు గజ్జలో బిళ్ళ కట్టడం, అంటే అక్కడి లింఫ్ గ్రంథి వాయడం, నిజమే. కానీ మనవాళ్ళకు అక్కడ ఏది లేచినా బిళ్ళే. హెర్నియా మగవాళ్ళ జబ్బని ఇంకో నమ్మకం.

గజ్జ మడత కింద, తొడలోని పెద్ద సిర పక్కనే సన్నటి సందు ఉంటుంది. కడుపులోని పేగు లాంటిది అందులోంచి జారితే ఫెమోరల్ హెర్నియా. ఇది మగవాళ్ళకంటే ఆడవాళ్ళలోనే ఎక్కువ. సందు అంచులు సాగవు. దూరింది ఇరుక్కుని, నెత్తురాడక కుళ్ళిపోతుంది. పేగు గోడ ఒక పక్కే ఇరుక్కుంటే దారి మూసుకోదు, విరేచనం అవుతూనే ఉంటుంది. ‘విరేచనం అయిందిగా’ అని ధైర్యం చెప్పి పంపేసిన కేసులు చూశాను. ఒకటి నేను పంపిందే.

పెద్దమ్మకు ఆ రాత్రే ఆపరేషన్ చేశాను. జారినదాన్ని కప్పి ఉండే పొరను సంచి అంటాం, అది తెరిస్తే ముందు మురికినీళ్ళు వచ్చాయి. పేగు ఉంటుందనుకున్నా. బయటపడింది అపెండిక్స్! మొదలు మామూలుగానే ఉంది, మధ్యలో దారం బిగించినట్టు నొక్కు, ఆపైన నేరేడుపండు రంగు. ఫెమోరల్ సంచిలో అపెండిక్స్ ఉంటుందని ఫ్రెంచ్ సర్జన్ ద గారెంజో 1731లోనే రాశాడు, దానికి ఆయన పేరే ఉంది. గజ్జ మడతకు పై దారిన జారే ఇంగ్వైనల్ హెర్నియా సంచిలో దొరికితే అమ్యాండ్ అనే సర్జన్ పేరు. 1735లో లండన్‌లో 11 ఏళ్ళ పిల్లవాడికి ఆయన తీసిన అపెండిక్స్‌లో గుండుసూది ఉంది. మత్తుమందు లేని రోజులు. ఆ పిల్లవాడు ఎట్లా ఓర్చుకున్నాడో!

ఆడ పసిపిల్లల గజ్జ సంచిలో అండాశయం ఉండొచ్చు. నెలసరి వచ్చినప్పుడల్లా నొప్పెట్టే గడ్డయితే ఎండోమెట్రియోసిస్, అంటే గర్భాశయం లోపొర లాంటిది బయట పెరగడం, కావచ్చు. గర్భిణికి గజ్జలో ఉబ్బిన సిరలు అచ్చం హెర్నియాలా కనిపిస్తాయి, నెత్తురు పారడం చూపే డాప్లర్ స్కాన్ తీయిస్తే కోత తప్పుతుంది.

పెద్దమ్మకు అపెండిక్స్ తీసేసి, కుళ్ళు ఉందని మెష్ (సందు మూసే వల) పెట్టకుండా దారంతోనే సందు మూశాను. కుట్లు విప్పే రోజు నా మాట నమ్మక పాదం చాపి చూపించింది. సర్కారు తుమ్మ ముల్లు, నిజంగానే ఉంది. అదీ నేనే తీశాను.