బండి మీది గుడ్డు రుచి ఇంటి పొయ్యి మీద

అక్క: అందరికీ నమస్కారం. ఈ రోజు బండి దగ్గర నిలబడి తినే కోడిగుడ్డు వంటల గురించి మాట్లాడుకుందాం. బుర్జీ, బ్రెడ్ ఆమ్లెట్, గుడ్డు బజ్జీ, ఇవన్నీ.

తమ్ముడు: ఇంట్లో చేస్తే ఆ రుచి రాదంటారక్కా. మసాలాలోనే ఏదో కిటుకు ఉందని అందరి నమ్మకం.

అక్క: నేను ఒప్పుకోను. ఉప్పు, కారం, పసుపు, గరం మసాలా, ముంబైలో అయితే కాస్త పావ్ భాజీ మసాలా. బండి మీద ఉండేవి ఇవేగా! అసలు సంగతేమిటంటే, బండాయన ఒక్కో ప్లేటు చేస్తాడు. బాగా కాలిన మందపాటి ఇనప పెనం మీద రెండే గుడ్లు. మనమేమో ఇంటిల్లిపాదికీ ఒకేసారి అయిపోవాలని ఎనిమిది గుడ్లు చిన్న మూకుట్లో కొట్టి పోసేస్తాం. ఆ వేడి చాలదు. నీరు ఊరుతుంది, వేగాల్సింది కాస్తా ఉడుకుతుంది.

తమ్ముడు: మరి నలుగురికి బుర్జీ చెయ్యాలంటే పొయ్యి దగ్గరే నిలబడిపోవాలా?

అక్క: అక్కర్లేదు రా. ఉల్లిపాయ సన్నగా తరిగి, పచ్చిమిర్చి, అల్లం వెల్లుల్లి, టమాటా వేసి, నూనె తేలేదాకా ముందే వేయించి పక్కన పెట్టుకో. ఆలస్యమంతా అక్కడే. తర్వాత పెనం కాల్చి, చిన్న వెన్న ముక్క వేసి, రెండు గరిటెల మసాలా, దాని మీద రెండు గుడ్లు. విడతకి రెండు నిమిషాలు చాలు.

తమ్ముడు: గుడ్లు గిన్నెలో గిలక్కొట్టి పొయ్యాలా?

అక్క: బుర్జీకి నేనైతే నేరుగా పెనం మీదే కొడతాను. అట్లకాడతో చితిపితే తెల్లసొన, పచ్చసొన అక్కడక్కడా విడివిడిగా కనిపిస్తాయి, నోటికి బాగుంటుంది. ఇంకొంచెం తడిగా ఉండగానే దించెయ్యాలి, మిగతాది ఆ వేడికే అయిపోతుంది. 70 డిగ్రీల ప్రాంతంలో గట్టిపడే సరుకది. ఇంకా ఇంకా కాలిస్తే మాంసకృత్తులు బిగుసుకుని లోపలి నీళ్లు బయటికి పిండేస్తాయి. ప్లేటులో నీళ్లు, పైన రబ్బరు ముక్కలు.

తమ్ముడు: బ్రెడ్ ఆమ్లెట్?

అక్క: అదెంతసేపు! ఆమ్లెట్ పైన ఇంకా పచ్చిగా ఉండగానే బ్రెడ్ ముక్కలు పెట్టి, వెంటనే తిప్పి, రెండో వైపూ ఆ గుడ్డులోనే అద్దాలి. అప్పుడే రెండూ అంటుకుంటాయి. కోల్‌కతా ఎగ్ రోల్‌దీ అదే పద్ధతి. సగం కాలిన మైదా పరోటాని పచ్చి గుడ్డు మీద వేసి నొక్కడమే.

తమ్ముడు: సూరత్‌లో ఘోటాలా అని ఒకటి చేస్తారు, అది నాకు మహా ఇష్టం. ఉడికిన గుడ్లు కోరి మసాలాలో వేస్తారు. పైన హాఫ్ ఫ్రై వేసి, దాన్నీ అందులోనే చిదిపేస్తారు. ఒకే ప్లేటులో గుడ్డు రెండు రకాలుగా!

అక్క: చాలా గొప్ప వంట అది. ఇక మన గుడ్డు బజ్జీకి వద్దాం. పిండి గుడ్డుకి పట్టట్లేదని చాలామంది బాధ. గుడ్డు నున్నగా, తడిగా ఉంటే పిండి జారిపోక ఏం చేస్తుంది? గుడ్డతో తుడిచి, పొడి శనగపిండిలో దొర్లించి, అప్పుడు పిండిలో ముంచు. పిండి గరిటె జారుగా ఉండాలి. గుప్పెడు బియ్యప్పిండి, చిటికెడు వంటసోడా, కొంచెం వాము.

తమ్ముడు: వలిచేటప్పుడే తెల్లసొన ఊడొస్తుందక్కా, అప్పుడు నున్నదనమెక్కడిది!

అక్క: నాలుగైదు రోజులు నిల్వ ఉన్న గుడ్లు తీసుకో. మరిగే నీళ్లలో వేసి, పదకొండు నిమిషాలయ్యాక చల్లటి నీళ్లలోకి మార్చు. పెంకు చక్కగా వస్తుంది. ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నాను. గుడ్డుని మొత్తంగా నూనెలో వెయ్యకండి. లోపల ఆవిరి చిక్కుకుంటే పేలి నూనె చిందుతుంది. సగానికి కోసి వెయ్యండి, పిల్లలున్న ఇంట్లో మరీను.

తమ్ముడు: మధ్యలో పెట్టే ఉల్లిపాయలో?

అక్క: వేగిన బజ్జీని మధ్యకి చీల్చి ఉల్లిపాయ, కొత్తిమీర, ఉప్పు, కారం కూరాలి. నిమ్మరసం మాత్రం ముందే కలపకు, ఉల్లిపాయ నీరు కారి పై పొర మెత్తబడిపోతుంది. ప్లేటు చేతికిచ్చే ముందు పిండు.