క్రిస్మస్ సినిమాలు మనల్ని ఎందుకు ఏడిపిస్తాయి? పోయినవాళ్ళు వదిలేసి వెళ్ళిన వస్తువుల కథ

ఒక మందుల షాపు. సంవత్సరం 1919. ఓనర్ గోవర్ బాగా తాగి ఉన్నాడు, చేతులు వణుకుతున్నాయి, ఆ వణికే చేతులతోనే క్యాప్సూల్స్ నింపుతున్నాడు. అక్కడ పనిచేసే చిన్న పిల్లాడు జార్జ్ కంటికి ఒక టెలిగ్రాం కనిపిస్తుంది, గోవర్ కొడుకు ఇన్‌ఫ్లుయెంజాతో చనిపోయాడని అందులో రాసుంది. తర్వాత ఆయన ఏ సీసాలోంచి పౌడర్ తీశాడో చూస్తాడు. అది విషం. ఆ మందు వెళ్ళాల్సింది జబ్బుతో ఉన్న ఇంకో పిల్లవాడి ఇంటికి.

జార్జ్ ఆ మందు ఇవ్వకుండా వెనక్కి వచ్చేస్తాడు, గోవర్‌కి కోపం ఆగదు, చెంప మీద కొడతాడు, ఆ దెబ్బ సరిగ్గా జార్జ్‌కి ముందే వినికిడి పోయిన చెవి మీద పడుతుంది, రక్తం కారుతుంది. అప్పుడు ఆ పిల్లాడు ఏడుస్తూనే చెప్తాడు, టెలిగ్రాం చూశాను, మీరు బాధలో ఉన్నారు, అందుకే పొరపాటు చేశారు, ఎవరికీ చెప్పను అని. గోవర్ ఆ పౌడర్ నాలుక మీద పెట్టుకుని చూస్తాడు. అంతే, ఆ పిల్లాడిని పట్టుకుని కూలిపోతాడు.

ఇది 1946లో ఫ్రాంక్ కాప్రా తీసిన ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్. ఈ సినిమా అనగానే అందరూ దేవదూత గురించి, బ్రిడ్జి సీన్ గురించి మాట్లాడతారు, నాకు మాత్రం సినిమా అంతా ఈ మందుల షాపులోనే ఉందనిపిస్తుంది. పెద్దయ్యాక జార్జ్‌గా చేసిన జేమ్స్ స్టూవర్ట్‌కి రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చాక ఇదే మొదటి సినిమా, అంతకుముందు ఆయన బాంబర్ విమానాల్లో 20 కాంబాట్ మిషన్లకి వెళ్ళొచ్చాడు. బార్‌లో కూర్చుని దేవుడికి మొక్కుకునే సీన్‌లో ఆయన మొహం ఒక్కసారి గమనించండి.

సరే, అసలు విషయానికి వద్దాం. ఇకపై స్పాయిలర్లు చాలా ఉంటాయి, ముందే చెప్పేస్తున్నా.

మనిషి పోయిన తర్వాత మామూలు రోజులు ఎలాగోలా గడిచిపోతాయి అండి, పని ఉంటుంది, తిరుగుడు ఉంటుంది, కానీ పండగ అలా కాదు, అది ఏటా అదే తేదీకి వస్తుంది, అవే పనులు, అవే మాటలు, అదే చోట అందరూ కూర్చోవడం, దాంతో ఎవరు తగ్గారో లెక్క పెట్టకుండానే తెలిసిపోతుంది. అందుకే దుఃఖం గురించి కథ చెప్పాలంటే డైరెక్టర్లకి క్రిస్మస్ అంత బాగా పనికొస్తుంది. ఇలాంటి సినిమాలు వరసపెట్టి చూస్తుంటే నాకు ఒక విషయం తట్టింది. మంచి సినిమాల్లో బాధ డైలాగుల్లో ఉండదు, ఒక వస్తువులో ఉంటుంది. ఆ వస్తువు చివరికి ఎవరి చేతికి వెళ్తుందో చూస్తే ఆ మనిషి కోలుకుంటున్నాడా లేదా అర్థమైపోతుంది.

క్లౌస్ తీసుకుందాం. 2019, నెట్‌ఫ్లిక్స్, డైరెక్టర్ సెర్జియో పాబ్లోస్. చేత్తో గీసిన యానిమేషనే, కానీ లైటింగ్ ఎంత బాగుంటుందంటే త్రీడీ అనుకుంటారు. జెస్పర్ అని ఒక బద్ధకపు కుర్రాడు, వాళ్ళ నాన్న వాడిని ఎక్కడో మంచులో ఉన్న ఊరికి పోస్ట్‌మ్యాన్‌గా పంపిస్తాడు, అక్కడ అడవిలో ఒంటరిగా ఉండే ఒక పెద్దాయన ఉంటాడు, కట్టెలు కొట్టుకునే మనిషి, ఎవరితోనూ మాట్లాడడు. ఆయన ఇంట్లో చూస్తే అల్మరాల నిండా బొమ్మలు. ఒక్క పిల్లవాడు కూడా లేని ఇంట్లో అన్ని బొమ్మలు ఎందుకున్నాయి?

సినిమా ఈ ప్రశ్నకి వెంటనే జవాబు చెప్పదు, అదే దాని గొప్పతనం. సగం సినిమా దాకా మనం నవ్వుకుంటూ ఉంటాం, బొమ్మలు పిల్లలకి పంచుతుంటారు, ఊళ్ళో తరతరాలుగా కొట్టుకు చస్తున్న రెండు కుటుంబాలు మెల్లగా మెత్తబడుతుంటాయి. తర్వాత బొమ్మలు అయిపోతాయి. కొత్తవి చెయ్యమంటే ఆయన చెయ్యనంటాడు. ఎందుకో అప్పుడు తెలుస్తుంది మనకి, ఆయనా ఆయన భార్య లిడియా ఇంటినిండా పిల్లలు కావాలనుకున్నారు, పుట్టబోయే పిల్లల కోసం ఆయన బొమ్మలు చెయ్యడం మొదలుపెట్టాడు, ఏళ్ళు గడిచాయి, బొమ్మలు పెరిగాయి, పిల్లలు రాలేదు, తర్వాత లిడియా జబ్బు చేసి పోయింది. ఆ అల్మరాలో ఉన్నవి అసలు బొమ్మలే కావు, రాని పిల్లలు.

ఇప్పుడు మొదటి నుంచి మళ్ళీ ఆలోచించండి, ఒక్కో బొమ్మ బయటికి వెళ్ళినప్పుడల్లా ఆయన ఏం వదులుకుంటున్నాడో. మార్గు అనే ఒక చిన్న పాప ఉంటుంది, ఆ పాప మాట్లాడేది జెస్పర్‌కి ఒక్క ముక్క అర్థం కాదు, ఆ పాప కోసం మంచు మీద జారే బండి ఒకటి తయారు చేస్తారు, పాప దాని మీద జారుతూ కేరింతలు కొడుతుంటే దూరం నుంచి జెస్పర్, ఆ పెద్దాయన ఇద్దరూ చూస్తుంటారు. నేను ఈ సినిమా నాలుగుసార్లు చూశాను, నాలుగుసార్లూ అక్కడే ఏడ్చాను, క్లైమాక్స్‌లో కాదు. రాని పిల్లల కోసం మొదలైన పని బతికున్న పిల్లలకి చేరడం కళ్ళముందు కనిపిస్తుంది అక్కడ.

దీనికి పూర్తిగా ఆపోజిట్ రకం సినిమాలు కూడా ఉన్నాయి, పోయినవాళ్ళని వెనక్కి తెచ్చేవి. 1998లో వచ్చిన జాక్ ఫ్రాస్ట్‌లో మైకేల్ కీటన్ చేసిన నాన్న పాత్ర కార్ యాక్సిడెంట్‌లో చనిపోయి ఏడాది తర్వాత మంచుబొమ్మగా తిరిగొస్తుంది, కొడుకు దగ్గరున్న హార్మోనికా వల్ల. ఐడియా బాగుంది, ఎంతైనా మంచు కరిగిపోతుంది కదా, వీడ్కోలు తప్పదని పిల్లలకి కూడా తెలుస్తుంది. కానీ అల్లరి ఎక్కువైపోయి బాధకి చోటు మిగల్లేదు. 2018 నాటి ది క్రిస్మస్ క్రానికల్స్ కొంచెం నయం, ఫైర్‌ఫైటర్ నాన్న పోయాక కూతురు కేట్ పాత వీడియోలు పెట్టుకుని మళ్ళీ మళ్ళీ చూస్తుంటుంది, అన్న టెడ్డీ మాత్రం ఆ ఊసే వద్దన్నట్టు తిరుగుతుంటాడు. ఒకే ఇంట్లో ఒకే మనిషి కోసం ఇద్దరు రెండు రకాలుగా బాధపడటం, అదొక్కటీ చాలా కరెక్ట్‌గా పట్టుకున్నారు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైనది. ది మప్పెట్ క్రిస్మస్ కరోల్, 1992. చేతికి తొడుక్కుని ఆడించే బొమ్మల సినిమా కదా అని తీసిపారెయ్యకండి ప్లీజ్. మప్పెట్స్‌ని సృష్టించిన జిమ్ హెన్సన్ 1990 మేలో 53 ఏళ్ళకే చనిపోయాడు. కెర్మిట్ కప్పని ఆడించింది, దానికి గొంతిచ్చింది ఆయనే. ఈ సినిమా డైరెక్ట్ చేసింది ఆయన కొడుకు బ్రయన్, ఆయనకి ఇదే మొదటి ఫీచర్ ఫిల్మ్. సినిమాని జిమ్‌కీ, ఆ టీమ్‌లోనే పనిచేసి 1992 జనవరిలో పోయిన రిచర్డ్ హంట్‌కీ అంకితమిచ్చారు.

ఇది తెలిశాక ఆ సినిమాలో ఒక సీన్ చూడండి. ఇది డికెన్స్ రాసిన కథ, స్క్రూజ్ అనే పిసినారికి ఆత్మలు వచ్చి గతం, భవిష్యత్తు చూపిస్తాయి. కెర్మిట్ ఇందులో ఆయన గుమాస్తా బాబ్ క్రాచిట్, టైనీ టిమ్ అనే పిల్లాడికి నాన్న. ఆ చూపించిన భవిష్యత్తులో ఆ పిల్లాడు ఉండడు, వాడి సీటు ఖాళీగా ఉంటుంది, చంకకర్ర అక్కడే మిగిలిపోతుంది. కెర్మిట్ ఇంట్లోవాళ్ళని కూర్చోబెట్టుకుని నెమ్మదిగా మాట్లాడతాడు, బతుకంటే కలుసుకోవడాలూ విడిపోవడాలూనే అని, ఈ మొదటి ఎడబాటుని మనం మరిచిపోకూడదని. ఆ గొంతు స్టీవ్ విట్మైర్‌ది, జిమ్ పోయాక కెర్మిట్‌ని అందుకున్న మనిషి. అంటే గురువు చేతిలో ఉన్న బొమ్మని తన చేతికి తొడుక్కుని, ఆ గురువుగారి కొడుకు కెమెరా వెనకాల నిలబడి చూస్తుండగా, ఆయన ఈ మాటలు చెప్తున్నాడు. నేను ఇంకేం చెప్పను దీని గురించి.

ఇక్కడ ఒక చిన్న మాట. దుఃఖానికి ఐదు దశలు ఉంటాయని వినే ఉంటారు, కోపం, బేరం, చివరికి ఒప్పుకోవడం అలా. ఎలిజబెత్ క్యూబ్లర్-రాస్ 1969లో అది చెప్పింది తామే చావుకి దగ్గర్లో ఉన్న పేషెంట్ల గురించి, వెనక మిగిలినవాళ్ళ గురించి కాదు, తర్వాత్తర్వాత దాన్ని అందరికీ అంటగట్టేశారు. నాన్న పోయినప్పుడు నేనూ ఆ దశలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నా, ఒక్కటీ వరసలో రాలేదు, ఆయన కళ్ళజోడు పెట్టె మూత పడే చప్పుడు వినిపిస్తే మాత్రం రెండేళ్ళయినా కాళ్ళు ఆగిపోయేవి.

అందుకే ది హోల్డోవర్స్‌లో మేరీ నాకు అంత నచ్చింది. 2023 సినిమా, అలెగ్జాండర్ పేన్ డైరెక్టర్, కథ 1970 క్రిస్మస్ సెలవుల్లో ఒక బోర్డింగ్ స్కూల్లో జరుగుతుంది. మేరీ అక్కడ వంటావిడ, కొడుకు కర్టిస్ అదే స్కూల్లో చదివాడు, తర్వాత వియత్నాం యుద్ధంలో చనిపోయాడు. సినిమాలో ఎక్కువసేపు ఆవిడ మామూలుగానే ఉంటుంది, వంట చేస్తుంది, టీవీ చూస్తుంది, సిగరెట్ తాగుతుంది, జోకులేస్తుంది. క్రిస్మస్ పార్టీకి వెళ్ళినప్పుడు మాత్రం అక్కడి కిచెన్‌లో ఒక్కసారిగా బద్దలైపోతుంది. ఆ తర్వాత గర్భవతిగా ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్తుంది, వెంట ఒక పెట్టె. లోపల కర్టిస్ పసివాడిగా ఉన్నప్పటి బట్టలు, బుల్లి బూట్లు. పుట్టబోయే బిడ్డ కోసం తీసుకొచ్చింది. ఏ డైలాగూ ఉండదు, ఆవిడ చేతులే చూస్తాం మనం. డా'వైన్ జాయ్ రాండాల్ఫ్‌కి ఈ పాత్రకే ఆస్కార్ వచ్చింది.

ఇది పిల్లలతో కూర్చుని చూసే సినిమా కాదు, బూతులున్నాయి, పెద్దవాళ్ళు చూడండి. పిల్లలతో అయితే క్లౌస్‌తో మొదలుపెట్టండి, తర్వాత మప్పెట్స్. ఈ మధ్యనే ఎవరినైనా పోగొట్టుకున్న పిల్లలు ఇంట్లో ఉంటే కథ ఏంటో ముందే రెండు ముక్కల్లో చెప్పండి, సర్‌ప్రైజ్‌గా పెట్టొద్దు. మధ్యలో లేచి వెళ్ళిపోతే వెనక్కి పిలవకండి, సినిమాని అక్కడే పాజ్‌లో ఉంచండి, వాళ్ళే వస్తారు. రాకపోతే మర్నాడు చూడొచ్చు.