ఇరవై ఎనిమిదో డిస్కు ఎందుకు చేరలేదు

వ్యాఖ్యాత: నమస్కారమండీ. లైనక్స్ సాఫ్ట్‌వేర్ రెయిడ్‌లో, అంటే చాలా డిస్కులను కలిపి ఒకటిగా వాడుకునే ఏర్పాటులో, డిస్కుల సంఖ్యకు ఒక హద్దు ఉందన్న సంగతి మీకు ఎలా తెలిసివచ్చిందో ముందు చెప్పండి.

అతిథి: నేను చూసుకునే ఒక పాత సర్వర్‌లో ఇరవై నాలుగు డిస్కులతో రెయిడ్ 6 (రెండు డిస్కులు పోయినా డేటా నిలిచే రకం) నడిచేది. చోటు చాలక పక్కన ఇంకో డిస్కుల పెట్టె తగిలించి, అదే అర్రేకు, అంటే ఆ డిస్కుల కూటమికి, ఒక్కొక్కటే చేర్చుకుంటూ వచ్చాను. 27 వరకు ఏ పేచీ రాలేదు గానీ, 28వ దాన్ని ఎండీఏడీఎం (రెయిడ్‌ను నడిపే కమాండ్) ససేమిరా ఒప్పుకోలేదు. కేబుల్ మార్చాను, డిస్కు మార్చాను, పాపం కంట్రోలర్‌ను కూడా అనుమానించాను. ఒక పూటంతా పోయాక మెటాడేటా, అంటే అర్రే గురించి డిస్కుల మీద రాసుకునే వివరాలు, పాత వెర్షన్ 0.90లో ఉండటం గమనించాను. హద్దు అందులోనే ఉంది.

వ్యాఖ్యాత: 32 అన్నా 64 అన్నా అర్థమవుతుంది. ఈ 27 ఎక్కడిదండీ?

అతిథి: 32లోంచి వచ్చిందేనండీ. 0.90లో ప్రతి డిస్కు చివరి భాగంలో ఈ మెటాడేటా ఉండే 4096 బైట్ల సూపర్‌బ్లాక్ ఉంటుంది. దాన్ని 128 బైట్ల గళ్లుగా విడగొడితే 32 గళ్లు వస్తాయి. మొదటి నాలుగింటిలో అర్రే స్థాయి, పరిమాణం, తాజా స్థితి వంటివి ఉంటాయి, చిట్టచివరి గడిలో ఆ డిస్కు తన గురించి తాను రాసుకుంటుంది, మిగిలిన 27 గళ్లూ సభ్యులవి, అంటే అర్రేలోని డిస్కులవి. స్పేర్ డిస్కు (ఏదైనా పోతే వాడటానికి ఉంచుకున్నది) కూడా అందులో ఒక గడి తీసుకుంటుంది. మాన్యువల్ పేజీలో 28 అని ఉంటుంది గానీ కెర్నల్ (లైనక్స్ మూల భాగం) కోడ్‌లోని హెడర్ ఫైల్లో ఉన్నది 27. నేను కోడ్‌నే నమ్ముతాను.

వ్యాఖ్యాత: ఆ అంకెను పెంచి కెర్నల్‌ను మళ్లీ కంపైల్ చేసుకుంటే సరిపోదా?

అతిథి: అలా చేస్తే 28వ డిస్కు వివరం వెళ్లి ఆ చివరి గడి మీద పడుతుంది. కాబట్టి డిస్కు మీద రాసే పద్ధతినే మార్చాలి. వెర్షన్ 1లో అదే చేశారు: ఉమ్మడి వివరాలకు 256 బైట్లు ఉంచి, ఒక్కో సభ్యునికి 128 బదులు రెండే బైట్లు, అంటే అతని పాత్ర మాత్రమే, రాశారు. మిగిలిన 3840 బైట్లలో 1920 మంది పడతారు.

వ్యాఖ్యాత: ఉన్న డేటాను కదపకుండా మారవచ్చా?

అతిథి: మారవచ్చు, కానీ 1.0కు మాత్రమే. 1.1, 1.2 సూపర్‌బ్లాక్‌లు డిస్కు మొదట్లో కూర్చుంటాయి, అక్కడ మన డేటా ఉంది. 0.90 మాత్రం డిస్కు చివర కనీసం 64 కేబీ వదిలి ఉంచుతుంది కాబట్టి, ఆ తోకలోనే 1.0 ఇమిడిపోతుంది. అర్రేను ఆపి, మళ్లీ అసెంబుల్ చేసేటప్పుడు (డిస్కులను కలిపి లేపేటప్పుడు) అప్‌డేట్ ఆప్షన్‌కు మెటాడేటా అని ఇవ్వాలి. అంతకుముందే రైట్-ఇంటెంట్ బిట్‌మ్యాప్ (ఏ భాగాల్లో రాత జరుగుతోందో గుర్తుంచుకునే పట్టిక) ఉంటే తీసేయాలి, సింక్ (డిస్కులను ఒకదానితో ఒకటి సరిచూసుకునే పని) పెండింగ్‌లో ఉండకూడదు. బ్యాకప్ సంగతి వేరే చెప్పాలా?

వ్యాఖ్యాత: అయితే ఇక నలభై డిస్కులనూ ఒకే రెయిడ్ 6లో పెట్టేయవచ్చన్నమాట.

అతిథి: పెట్టవచ్చు, నేనైతే పెట్టను. ఎన్ని డిస్కులున్నా తట్టుకునేది రెండు పోవడాన్నే కదా! పైగా స్ట్రైప్ క్యాష్‌ను (రెయిడ్ రాతల కోసం ర్యామ్‌లో ఉంచుకునే చోటును) 32768కి పెంచితే, ఒక్కో డిస్కుకు 128 ఎంబీ చొప్పున నలభైకి 5 జీబీ ర్యామ్ పోతుంది. నేను ఆ ఒక్క అర్రేను 30 దగ్గర ఆపి, తర్వాతి డిస్కులతో రెండో అర్రే కట్టి, రెండింటినీ ఎల్‌వీఎం (వేర్వేరు డిస్కుల చోటును ఒకటిగా చూపే లైనక్స్ సాధనం) కింద కలిపాను.

వ్యాఖ్యాత: మార్చాక ఏమైనా తిప్పలు పడ్డారా?

అతిథి: పడ్డాను. కాన్ఫిగ్ ఫైల్లో మెటాడేటా 0.90 అన్న పాత మాట అలాగే ఉండిపోయి, రీబూట్ తర్వాత అర్రే లేవలేదు. రూట్ ఫైల్‌సిస్టమ్ (లైనక్స్ ఉండే ప్రధాన భాగం) అర్రే మీదే ఉన్నవారికి ఇంకో చిక్కు ఉంది: కెర్నల్ తనంతట తాను గుర్తుపట్టి లేపేది 0.90ని మాత్రమే కాబట్టి, వాళ్లు రీబూట్‌కు ముందే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌ను (బూట్ మొదట్లో వాడే చిన్న ఫైల్‌సిస్టమ్‌ను) తాజా చేసుకోవాలి.