పర్ర నేలలో వంగరెడ్డికూర

అందరికీ నమస్కారం. ఈ కొమ్మను ముందు వరసకు ఇస్తున్నాను. తలా ఒక ఆకు తుంచుకుని నాలుక కొసకు తగిలించి, వెనక్కి అందించండి. నిన్న సాయంత్రం నిజాంపట్నం సముద్రం ఒడ్డున పర్రలో, అంటే చవుడు పట్టిన బీడులో కోశాను. పొద్దున్నే బస్సులో గుంటూరు చేరేదాకా తడిగుడ్డలో ఉంచాను. పువ్వు మాత్రం ముడుచుకుంది. అది రోజులో కొన్ని గంటలే విచ్చుకుంటుంది.

ఉప్పగా ఉంది కదూ? ఇది వంగరెడ్డికూర. శాస్త్రీయ నామం సెసూవియం పోర్చులకాస్ట్రం. గంగపావిలిలా ఉందని అక్కడెవరో అంటున్నారు. 1753లో లిన్నేయస్ కూడా దీన్ని గంగపావిలి ప్రజాతిలోనే చేర్చాడు. కానీ గంగపావిలికి పసుపు పూలు, దీనికి గులాబీ రంగు నక్షత్రాలు. కుటుంబమే వేరు.

సముద్రపు నీళ్లలో లీటరుకు దాదాపు 35 గ్రాముల ఉప్పుంటుంది. అవి పారితే మన వరి మాడిపోతుంది. మడచెట్టయితే ఆకుల మీది గ్రంథుల్లోంచి ఉప్పును బయటికి పంపేస్తుంది. దీనికి ఆ గ్రంథులు లేవు. లోపలికొచ్చిన సోడియాన్ని కణాల్లోని రిక్తికల్లో, అంటే నీటి సంచుల్లాంటి అరల్లో దాచేస్తుంది. మిగతా కణద్రవ్యం ఎండిపోకుండా నీటిని పట్టి ఉంచే ప్రోలీన్ లాంటి పదార్థాలు తయారుచేసుకుంటుంది. ఆకు అంత దళసరిగా ఉండేది లోపల పట్టి ఉంచుకున్న నీటి వల్లే.

మా అమ్మమ్మ ఈ ఆకును ఉడికించి నీళ్లు వార్చేది. మళ్లీ ఉడికించి మళ్లీ వార్చి, అప్పుడు పెసరపప్పులో వేసేది. ఆ పూట ఉప్పు డబ్బా ముట్టుకునేది కాదు.

దీన్ని నాటితే చవుడు విరుగుతుందా అని రైతులు అడుగుతుంటారు. కొంత విరుగుతుంది. నేలలోని ఉప్పు ఆకుల్లోకి చేరుతుంది కదా. అయితే తీగను కోసి పొలం బయటికి మోసుకుపోవాలి. అక్కడే ఎండి రాలితే ఆ ఉప్పు మళ్లీ నేలకే చేరుతుంది. మంచినీళ్లు పెట్టి, మురుగు కాలవలోకి ఉప్పు కడిగేసే పనికి ఇది తోడవుతుంది, అంతేగాని ఆ పని మానెయ్యడానికి లేదు.

నాకు బాధ కలిగేది మరొకటి. రొయ్యల చెరువులు తవ్వేటప్పుడు ముందు పెళ్లగించేది దీన్నే. పర్ర అంటే పనికిరాని నేలనే లెక్క. కాండం చూడండి, నేలకు తగిలిన ప్రతి కణుపు దగ్గరా వేర్లున్నాయి. పోటుకూ పాటుకూ ఇసుక కదిలిపోకుండా పట్టి ఉంచేది ఇవే. ఇవి లేక ఒడ్డు కోసుకుపోయాక బస్తాల్లో ఇసుక నింపి పేరుస్తున్నాం.

కొమ్మ చివరి వరసకు వచ్చిందా? పారెయ్యకండి. రెండు కణుపులు మునిగేలా ఇసుక కుండీలో గుచ్చండి. ఉప్పునీళ్లు అక్కర్లేదు, కుళాయి నీళ్లు చాలు.