స్కార్‌బరో: 42 మైళ్లు ఒక ఎత్తు, చివరి వంద గజాలు మరో ఎత్తు

సభకు నమస్కారం.

ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ తీరాన స్కార్‌బరో పట్టణం ఉంది. 1620ల్లో ఎలిజబెత్ ఫారో అనే ఆవిడ అక్కడ కొండ అడుగున ఒక ఊటను గమనించింది. ఆ నీళ్లు పారిన రాళ్లు ఎర్రబారి ఉండేవి. అవి ఒంటికి మంచివని పేరు రావడంతో ఊరికి జనం రావడం మొదలైంది. చిక్కల్లా ఒకటే. ఊట సముద్రపొడ్డున, బసలేమో కొండ మీద. నీళ్ల కోసం వచ్చేది జబ్బుమనుషులు, దిగి ఎక్కాల్సిందీ వాళ్లే.

1827లో లోయ మీద ఇనప వంతెన కట్టారు. సుంకం చెల్లించి నడిచి వెళ్లాలి. 1845 జులై 7న యార్క్ నుంచి 42 మైళ్ల రైలుమార్గం తెరుచుకుంది. డబ్బులేని జనం వచ్చి పడతారని అంతకుముందే ఊళ్లో ఒకాయన రైలుకు వ్యతిరేకంగా కరపత్రం కూడా వేశాడు. జనం రావడమైతే నిజమే, ఊరు బతికిందీ వాళ్లవల్లే.

అసలు తెలివి 1875లో సౌత్ క్లిఫ్ లిఫ్ట్‌లో కనిపిస్తుంది. బ్రిటన్‌లో ఈ తరహా వాలు రైలు ఇదే మొదటిది. పొడవు 86 మీటర్లు. అడ్డంగా ఒకటిముప్పావు అడుగు జరిగితే నిలువునా ఒక అడుగు లేస్తుంది. మన బావి గిలకకు రెండు వైపులా చేదలు కట్టినట్టు ఊహించుకోండి. పక్కపక్క పట్టాల మీద రెండు పెట్టెలు, పైన గిలక, మధ్య తాడు. పెట్టె కింద తొట్టి ఉంటుంది. పైనున్న పెట్టె తొట్టిలోకి సముద్రపు నీరు వదిలితే అది బరువెక్కి దిగుతూ రెండోదాన్ని పైకి లాగుతుంది. అడుగున నీళ్లు వదిలేస్తారు. గ్యాస్ ఇంజన్లు మళ్లీ పైకి తోడతాయి. ఎంత నీరు పట్టాలన్నది ఏ పెట్టెలో ఎందరున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. నీళ్లు చాలకపోతే పెట్టె కదలదు. ఎక్కువైతే భారమంతా బ్రేకు మీదే. తర్వాత కరెంటు మోటారు రావడంతో ఈ నీళ్ల లెక్క తప్పింది.

1904లో ట్రాములు వచ్చాయి. 1925 సెప్టెంబరులో ఒక ట్రాము వాలులో వెనక్కి జారి, కింద అక్వేరియం భవనం కప్పులోంచి లోపల పడింది. 1931లో ట్రాములు ఆగిపోయాయి.

విహారయాత్రల రైళ్ల తీరు వేరు. పొద్దున వచ్చి, జనాన్ని దింపి, సాయంత్రం దాకా ఖాళీగా నిలబడతాయి. అవి ప్లాట్‌ఫారం ఆక్రమిస్తే మామూలు రైలుకు చోటుండదు. అందుకే వాటి కోసం 1908లో లాండ్స్‌బరో రోడ్ స్టేషన్ విడిగా తెరిచారు. పెద్ద స్టేషన్‌లో 139 మీటర్ల బెంచీ ఇప్పటికీ ఉంది. తిరుగు రైలు కోసం ఎంతమంది కూర్చునేవారో దాన్ని చూస్తే తెలుస్తుంది.

ఇక్కడి నుంచి విహారమంటే, ఉత్తరాన తీరంలోనే ఉన్న విట్‌బీ పట్టణానికి వెళ్లే రైలు దారే. 1885లో తెరిచారు, ఇరవయ్యొక్క మైళ్ల పైచిలుకు. మధ్యలో దారికి అన్నిటికన్నా ఎత్తైన చోటు రేవన్‌స్కార్, 192 మీటర్లు. విట్‌బీ వైపున్న రాబిన్ హుడ్స్ బే అనే ఊరి నుంచి ఎక్కుడు 39 అడుగులకు ఒక అడుగు. రైలుకు అది నిట్టనిలువే. సముద్రపు పొగమంచు కమ్మితే పట్టాలు తడిసి చక్రాలు తిరిగిన చోటే తిరుగుతాయి. పట్టాల మీద ఇసుక చల్లాలి, పెట్టెలు తగ్గించాలి. 1890ల్లో రేవన్‌స్కార్‌లో కొత్త విహార పట్టణానికి వీధులు వేసి స్థలాలు అమ్మజూపారు. అక్కడా అదే చిక్కు, ఒడ్డు ఎంతో కిందికి దిగితే గాని రాదు. కొద్ది ఇళ్లే లేచాయి.

1965లో ఆ మార్గం మూసేశారు. ఇప్పుడది సైకిళ్ల బాట. స్కార్‌బరో వైపు ఎక్కుడు 41కి ఒకటి కాబట్టి ఏ కొస నుంచి బయలుదేరినా తొక్కుడు తప్పదు.