బోస్టన్ మూకీ బెట్స్‌ను ఎందుకు వదులుకుంది? ఒక ఆఫ్‌సీజన్ జీతాల లెక్క

సభకు నమస్కారం.

2020 ఫిబ్రవరి 10న అమెరికాలోని బోస్టన్ రెడ్ సాక్స్ బేస్‌బాల్ జట్టు తన అత్యుత్తమ ఆటగాడైన మూకీ బెట్స్‌ను ఆటగాళ్ల మార్పిడిలో లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌కు అప్పగించింది. అప్పటికి అతడికి 27 ఏళ్లు. 2018లో అతడు .346 బ్యాటింగ్ సగటుతో, అంటే ప్రతి మూడు ప్రయత్నాల్లో ఒకసారికి పైగా హిట్ కొట్టి, 32 హోమ్ రన్‌లతో, పరుగెత్తి చేజిక్కించుకున్న 30 స్టోలెన్ బేస్‌లతో, మేజర్ లీగ్ బేస్‌బాల్‌లోని రెండు లీగుల్లో ఒకటైన అమెరికన్ లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడి పురస్కారం అందుకున్నాడు. ఆ ఏడాదే రెడ్ సాక్స్ 108 మ్యాచ్‌లు గెలిచి, ఛాంపియన్‌ను తేల్చే వరల్డ్ సిరీస్‌లో ఇదే డాడ్జర్స్‌ను 4-1 తేడాతో ఓడించింది. అతడికి గాయం లేదు, ప్రవర్తనపై ఫిర్యాదు లేదు, ఆటలో పదును తగ్గలేదు. అయినా జట్టు అతడిని వదులుకుంది. దానికి యాజమాన్యం చూపిన కారణాలను లెక్కలతో సహా మీ ముందుంచి, అవి ఎందుకు నిలబడవని నేను అనుకుంటున్నానో చెప్పడానికి ఈ అవకాశాన్ని వినియోగించుకుంటాను.

ముందుగా అక్కడి నిబంధనలు కొంత వివరించాలి. మనకు బాగా తెలిసిన ఐపీఎల్‌లో 2025 సీజన్‌కు జరిగిన వేలంలో ఒక్కో జట్టుకు 120 కోట్ల రూపాయల పరిమితి విధించారు. యజమాని ఎంత సంపన్నుడైనా అంతకు మించి ఒక్క రూపాయి పెట్టడానికి వీల్లేదు. మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో అలాంటి గరిష్ఠ పరిమితి లేదు. అక్కడ ఉన్నది ఒక గీత మాత్రమే. జీతాల మొత్తం ఆ గీత దాటితే, దాటిన మేరకు లీగ్‌కు పన్ను కట్టాలి. 2019లో ఆ గీత 20.6 కోట్ల డాలర్ల దగ్గర, 2020లో 20.8 కోట్ల డాలర్ల దగ్గర ఉంది. మొదటిసారి దాటిన జట్టుకు 20 శాతం, వరుసగా రెండో ఏడాది దాటితే 30 శాతం, మూడో ఏడాది నుంచి 50 శాతం పన్ను పడుతుంది. 2 కోట్ల డాలర్లకు పైగా దాటితే ఆ పై మొత్తం మీద అదనపు సుంకం, 4 కోట్లకు పైగా దాటితే, జట్లు రౌండ్ల వారీగా జరుపుకునే కొత్త ఆటగాళ్ల ఎంపికలో (డ్రాఫ్ట్) మొదటి అవకాశం పది స్థానాలు వెనక్కి జరగడం కూడా ఉంటాయి. ఒక్క ఏడాది గీత కిందికి దిగితే చాలు, లెక్క మళ్లీ 20 శాతం నుంచి మొదలవుతుంది. ఈ చివరి వెసులుబాటే మన కథకు మూలం.

ఈ లెక్కలో ఆ ఏడాది చేతికిచ్చిన జీతాన్ని కాక, ఒప్పందం మొత్తాన్ని ఏళ్ల సంఖ్యతో భాగించగా వచ్చే సగటును తీసుకుంటారు. అది కూడా ప్రధానంగా జట్టు ముఖ్య ఆటగాళ్ల 40 మంది జాబితాలో ఉన్నవారికే వర్తిస్తుంది. దీని ఫలితం ఎంత విచిత్రంగా ఉంటుందో రుస్నీ కాస్టిల్లో ఉదంతం చెబుతుంది. క్యూబా నుంచి వచ్చిన ఈ ఔట్‌ఫీల్డర్‌తో (మైదానం దూర భాగంలో ఫీల్డింగ్ చేసే ఆటగాడు) బోస్టన్ 2014లో 7.25 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. 2016లో జాబితా నుంచి తొలగించాక, పైకి తెస్తే అతడి జీతం పన్ను లెక్కలోకి వస్తుందన్న భయంతో, కోట్ల డాలర్లు చెల్లిస్తూనే అతడిని పొటకెట్‌లోని చిన్న స్థాయి జట్టులో ఏళ్ల తరబడి ఆడించారు. ఆ కాలంలో అతడు అక్కడ చక్కగా బ్యాటింగ్ చేశాడు. ఒక మనిషి ఆడే వయసు పన్ను పట్టికలో ఒక గడి కోసం అలా ఖర్చైపోవడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

ఇక ఆటగాడి వైపు నుంచి చూద్దాం. మేజర్ లీగ్‌లో మొదటి మూడేళ్లు దాదాపు కనీస వేతనమే. తర్వాతి మూడేళ్లు జట్టూ ఆటగాడూ ఒప్పుకోకపోతే మధ్యవర్తుల బృందం జీతం నిర్ణయిస్తుంది. ఆరేళ్లు నిండాకే అతడు ఏ జట్టుతోనైనా ఒప్పందం చేసుకోగల ఫ్రీ ఏజెంట్ అవుతాడు. ఆ స్వేచ్ఛ కూడా ఊరికే రాలేదు. తనను అడగకుండా వేరే జట్టుకు పంపడాన్ని 1969లో కర్ట్ ఫ్లడ్ ఎదిరించి, 1972లో సుప్రీంకోర్టులో ఓడిపోయాడు. 1975 డిసెంబర్‌లో ఆండీ మెసర్‌స్మిత్, డేవ్ మెక్‌నాలీల కేసులో మధ్యవర్తి పీటర్ సైట్జ్ ఆటగాళ్ల పక్షాన తీర్పు చెప్పాకే ఆ తలుపు తెరుచుకుంది. కాబట్టి ఆరేళ్లు ఓపిక పట్టి మార్కెట్‌లో తన విలువ తెలుసుకోవాలనుకునే ఆటగాడిని అత్యాశపరుడని అనడం అన్యాయం.

బెట్స్ చేసింది అదే. 2014 జూన్‌లో మేజర్ లీగ్‌లో అడుగుపెట్టిన అతడికి 2017లో జట్టు ఇచ్చింది 9.5 లక్షల డాలర్లు. 2018లో మధ్యవర్తుల ముందు జట్టు 75 లక్షలు చాలంటే అతడు 1.05 కోట్లు అడిగి గెలిచాడు. 2019లో 2 కోట్లు, 2020కి 2.7 కోట్లు, ఆ దశలో ఉన్న ఆటగాడికి అంత పెద్ద మొత్తం అంతకు ముందు ఎవరికీ దక్కలేదు. 2020 చివర అతడు ఫ్రీ ఏజెంట్ కావాలి. పదేళ్లకు 30 కోట్ల డాలర్లు ఇస్తామని బోస్టన్ అన్నదనీ, బెట్స్ పక్షం పన్నెండేళ్లకు 42 కోట్లు అడిగిందనీ అప్పట్లో వార్తలు వచ్చాయి.

ఆ వ్యవధిలో బోస్టన్ తన డబ్బు ఎక్కడెక్కడ కట్టబెట్టిందో గమనించండి, ఎందుకంటే అసలు నిర్ణయం అక్కడే జరిగిపోయిందని నా అభిప్రాయం. 2015 డిసెంబర్‌లో పిచర్ (బంతి విసిరే ఆటగాడు) డేవిడ్ ప్రైస్‌తో ఏడేళ్లకు 21.7 కోట్ల ఒప్పందం. 2018 డిసెంబర్‌లో నేథన్ ఈవాల్డీతో నాలుగేళ్లకు 6.8 కోట్లు. 2019 మార్చిలో, అప్పటికే భుజం నొప్పితో ఇబ్బంది పడి ఉన్న క్రిస్ సేల్‌కు ఐదేళ్లకు 14.5 కోట్లు. ముగ్గురూ పిచర్లే, ముగ్గురూ ముప్పైకి అటూ ఇటూ ఉన్నవారే. ఒక్కొక్కటిగా చూస్తే ప్రతి ఒప్పందానికీ సమర్థన దొరుకుతుంది: ఈవాల్డీ 2018 వరల్డ్ సిరీస్‌లో చేసిన శ్రమను చూసినవారెవరూ మరచిపోలేరు, ప్రైస్ ఆ సిరీస్ చివరి మ్యాచ్ గెలిపించాడు. అన్నిటినీ కలిపి చూస్తేనే, 2020లో అందరికన్నా చిన్నవాడూ, అందరికన్నా మెరుగైనవాడూ అయిన బెట్స్ కోసం మిగిలిన చోటు ఎంత ఇరుకో తెలుస్తుంది. అంటే గెలిచిన జట్టును అలాగే నిలుపుకోవాలన్న తపనలో, గెలుపుకు అసలు కారణమైనవాడి వాటాను ముందుగానే పంచేశారు.

2019లో జట్టు 84 మ్యాచ్‌లే గెలిచి, తానున్న ఐదు జట్ల విభాగంలో మూడో స్థానంలో నిలిచింది. సెప్టెంబర్‌లో ఈ ఒప్పందాలన్నీ చేసిన డేవ్ డాంబ్రోస్కీని తొలగించారు. అదే నెలాఖరున ప్రధాన యజమాని జాన్ హెన్రీ, 2020లో జీతాలు పన్ను గీతకు లోబడి ఉండాలని బహిరంగంగా అన్నారు. తర్వాత అది లక్ష్యమే తప్ప ఆదేశం కాదని యాజమాన్యం సర్దిచెప్పింది గాని, అప్పటికే లీగ్‌లోని మిగతా 29 జట్లకూ విషయం తెలిసిపోయింది. అమ్మక తప్పని పరిస్థితిలో ఉన్నానని ముందే చాటుకున్నవాడికి మంచి ధర ఎవరిస్తారు? అక్టోబర్‌లో టాంపా బే రేస్ జట్టు నుంచి వచ్చి బాధ్యతలు చేపట్టిన ఖైమ్ బ్లూమ్ చేతికి అందిన పని ఇదీ. ఆయన మీద బోస్టన్ అభిమానులు చూపిన కోపంలో సగమైనా వేరేవారికి చెందాలని నేను నమ్ముతాను.

ఇప్పుడు పన్ను ఎంతో చూద్దాం. 2018లో రెడ్ సాక్స్ కట్టినది సుమారు 1.2 కోట్ల డాలర్లు, 2019లో సుమారు 1.34 కోట్లు. మూడో ఏడాది 50 శాతం అన్నమాట వినడానికి భయంకరంగా ఉంటుంది; కానీ ఆ శాతం గీత దాటిన మొత్తానికే వర్తిస్తుంది. ఉదాహరణకు 2020లో 3 కోట్ల డాలర్ల మేర దాటి ఉంటే, అదనపు సుంకంతో కలిపి కట్టవలసింది దాదాపు 1.62 కోట్లు. అదే కాలంలో ఫోర్బ్స్ పత్రిక ఈ జట్టు విలువను 320 కోట్ల డాలర్లుగా అంచనా వేసింది. 2002లో హెన్రీ బృందం జట్టును, దాని టీవీ చానెల్‌లో వాటాను, ఫెన్‌వే పార్క్ మైదానాన్ని కలిపి కొన్నది సుమారు 70 కోట్లకు. ఇలాంటి సంస్థకు ఆ పన్ను మోయలేని భారమని ఎవరైనా చెబితే నేను ఒప్పుకోలేను.

యాజమాన్యం వాదనలో బలమైన భాగం ఒకటి ఉంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. ఏడాది ఆగితే బెట్స్ ఫ్రీ ఏజెంట్‌గా వెళ్లిపోవచ్చు. అప్పుడు జట్టుకు దక్కేది కొత్త ఆటగాళ్ల ఎంపికలో ఒక అదనపు అవకాశం, అదీ పన్ను కట్టే జట్టైతే నాలుగో రౌండ్ తర్వాతే. అంతకన్నా ముందుగానే మార్చుకుని యువ ఆటగాళ్లను తెచ్చుకోవడం వివేకమని వారన్నారు. ఈ వాదనను నేను గౌరవిస్తాను. కానీ నిజంగా అదే ఉద్దేశమైతే బెట్స్‌ను ఒంటరిగా మార్పిడికి పెట్టి, వీలైనంత గొప్ప యువ ఆటగాళ్లను అడగాలి. బోస్టన్ అలా చేయలేదు. ఇంకా మూడేళ్లకు 9.6 కోట్ల జీతం మిగిలి ఉన్న ప్రైస్‌ను బెట్స్‌తో పాటు అంటగట్టింది. ప్రైస్ జీతంలో సగం, అంటే 4.8 కోట్లు తాము భరిస్తామన్నారు; మిగతా సగం డాడ్జర్స్ నెత్తిన వేశారు. ఆ 4.8 కోట్ల ఆదా ఎక్కడి నుంచి వచ్చింది? బెట్స్‌కు బదులుగా రావలసిన ఆటగాళ్ల నాణ్యతలోంచే. తిరిగి వచ్చినవారు ముగ్గురు: ఔట్‌ఫీల్డర్ అలెక్స్ వెర్డూగో, ఇన్‌ఫీల్డర్ జీటర్ డౌన్స్, క్యాచర్ కానర్ వాంగ్. వెర్డూగో నాలుగు సీజన్లు ఓ మోస్తరుగా ఆడి 2023 డిసెంబర్‌లో యాంకీస్‌కు వెళ్లాడు. డౌన్స్‌ను 2022 డిసెంబర్‌లోనే వదిలేశారు. వాంగ్ తర్వాత జట్టుకు క్యాచర్‌గా పనికొచ్చాడు.

లాస్ ఏంజెలెస్ వైపు అదే పన్ను గీత ఎలా కనిపించిందో పోల్చి చూడడం అవసరం. డాడ్జర్స్ 2013 నుంచి 2017 దాకా వరుసగా ఐదేళ్లు పన్ను కట్టి, 2018లో గీత కిందికి దిగారు. వారి జట్టు నిర్మాణాన్ని నడిపించే ఆండ్రూ ఫ్రీడ్‌మన్ కూడా బ్లూమ్ లాగే టాంపా బే నుంచి వచ్చినవారే, పైసా పైసా లెక్క చూసుకునే బడిలో నేర్చుకున్నవారే. కానీ ఆయన గీత కిందికి దిగింది, తగిన ఆటగాడు దొరికిన రోజున స్వేచ్ఛగా ఖర్చు పెట్టడానికి. ఆ ఆటగాడు బోస్టన్ నుంచి దొరికాడు. డాడ్జర్స్‌కు 25 ఏళ్లకు 835 కోట్ల డాలర్ల స్థానిక టీవీ ఒప్పందం అండగా ఉందన్నది నిజమే. అయితే బోస్టన్ కూడా సొంత చానెల్ ఉన్న జట్టే.

2020 జులై 22న, సీజన్ ఇంకా మొదలు కాకముందే, బెట్స్ డాడ్జర్స్‌తో పన్నెండేళ్లకు 36.5 కోట్ల డాలర్ల ఒప్పందం మీద సంతకం చేశాడు. బోస్టన్‌లో ఉండి ఉంటే ఆ మొత్తానికి ఒప్పుకునేవాడా అన్న ప్రశ్నకు ఎవరూ ఖచ్చితంగా జవాబు చెప్పలేరు, ఎందుకంటే కరోనా వచ్చి మైదానాలు ఖాళీ అయి, మార్కెట్ ఎటు పోతుందో తెలియని వేసవి అది. కానీ వార్తల్లో వచ్చిన 30 కోట్లు నిజమైతే, 36.5 కోట్లు దానికి అందనంత దూరంలో లేదు. కుదించిన 60 మ్యాచ్‌ల సీజన్‌లో రెడ్ సాక్స్ 24 గెలిచి తమ విభాగంలో ఆఖరున నిలిచింది. డాడ్జర్స్ 1988 తర్వాత తొలిసారి వరల్డ్ సిరీస్ గెలిచారు. చివరి మ్యాచ్‌లో బెట్స్ హోమ్ రన్ కొట్టాడు. ప్రైస్ కరోనా కారణంగా ఆ ఏడాది ఆడనేలేదు, సేల్ మోచేతి శస్త్రచికిత్సతో సీజన్ మొత్తం దూరమయ్యాడు. 2024, 2025లలో కూడా డాడ్జర్స్ విజేతలయ్యారు, రెండుసార్లూ బెట్స్ ఆ జట్టులోనే ఉన్నాడు.

ఇంత మూల్యం చెల్లించి సాధించిన పన్ను ఊరట బోస్టన్‌కు ఏం చేసింది? 2021లో జట్టు 92 మ్యాచ్‌లు గెలిచి అమెరికన్ లీగ్ ఫైనల్ దాకా వెళ్లిందని ఒప్పుకోవాలి. 2022లో మాత్రం విభాగంలో ఆఖరి స్థానంలో నిలుస్తూనే, కొద్ది తేడాతో అదే గీతను దాటింది. ఆ కొద్ది తేడా వల్ల, ఆ శీతాకాలంలో సాన్ డియేగో పాడ్రెస్‌తో పదకొండేళ్లకు 28 కోట్ల ఒప్పందం చేసుకుని వెళ్లిపోయిన షార్ట్‌స్టాప్ జాండర్ బోగార్ట్స్‌కు, టెక్సస్‌కు వెళ్లిన ఈవాల్డీకి బదులుగా రావలసిన ఎంపిక అవకాశాలు నాలుగో రౌండ్ వెనక్కి జరిగిపోయాయి. బెట్స్‌ను అమ్మేటప్పుడు ఏ నష్టం తప్పించుకోవాలని వాదించారో, సరిగ్గా ఆ నష్టమే బోగార్ట్స్ విషయంలో జరిగింది. 2023లో మళ్లీ ఆఖరి స్థానం. సెప్టెంబర్‌లో బ్లూమ్‌ను తొలగించారు.

లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య ఉన్న ప్రస్తుత ఒప్పందం 2026 డిసెంబర్ 1న ముగుస్తుంది. జీతాలకు గరిష్ఠ పరిమితి పెట్టాలన్న చర్చ మళ్లీ ఊపందుకుంది. 1994లో ఇదే విషయం మీద సమ్మె జరిగి, వరల్డ్ సిరీసే రద్దైంది. పరిమితి కావాలనేవారు డాడ్జర్స్ ఖర్చును ఉదాహరణగా చూపుతున్నారు. ఆ చర్చలో బోస్టన్ ఉదాహరణ కూడా లెక్కలోకి రావాలని నా విన్నపం: పరిమితి అన్నది లేని రోజుల్లో, చెల్లించే శక్తి ఉన్న ఒక జట్టు, గీతను తానే గోడగా భావించి, తాను తీర్చిదిద్దిన ఆటగాడిని ఆ గోడ అవతలికి పంపింది. అతడిని తీసుకున్న జట్టు ఖర్చును నియంత్రించాలని ఇప్పుడు అడుగుతున్నవారు, పంపిన జట్టు ఎందుకు ఖర్చు పెట్టలేదో కూడా అడగాలి.